రొట్టెల పీట మీద రెండు దీపాలు

మొన్న ఆదివారం నా మనవరాలు బడి ప్రాజెక్టు తెచ్చి భోజనాల బల్ల మీద పరిచింది. అరచేతి వెడల్పు తెల్లటి ప్లాస్టిక్ పలక, దాని నిండా సూదితో పొడిచినట్టు వరసగా కన్నాలు. ఆ కన్నాల్లో తీగలు గుచ్చి, చివర్న కందిగింజంత ఎర్ర దీపం పెట్టింది. బ్యాటరీ తగిలించగానే అది వెలిగి ఆరి, మళ్ళీ వెలిగి ఆరి, తన పని తాను చేసుకుపోవడం మొదలుపెట్టింది.

"దీన్ని బ్రెడ్‌బోర్డ్ అంటారట అమ్మమ్మా. బ్రెడ్‌కీ దీనికీ ఏం సంబంధం?" అని అడిగింది.

ముప్పై ఏళ్ళు పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పినదాన్ని. ఈ ప్లాస్టిక్ పలకలు రాకముందు వంటింటి చెక్క మీద మేకులు కొట్టి, ఆ మేకులకే తీగలు చుట్టేవారని చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టదు. అయినా చెప్పలేదు. "ఏమో, ఆ పేరు అలా పడిపోయింది" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అక్కడ పొయ్యి వెలిగించలేదు, గిన్నె దించలేదు. ఊరికే నిలబడ్డాను. దీపం గోడ మీద ఎర్రగా పడి పోతూ ఉంది.

అప్పట్లో మేము నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక పాత ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. ముందు గది, దాని వెనక నడుమ గది, ఆ తర్వాత నీళ్ళ నల్లా ఉన్న వాకిలి, వాకిలి దాటాక చివర్న వంటిల్లు. రైలు ఇంజను వదిలిన బొగ్గు నుసి ఆరేసిన బట్టల మీద పడేది. అమ్మ ఉతికిన చీరను మళ్ళీ దులిపి, మళ్ళీ ముక్కు దగ్గర పెట్టి చూసుకునేది. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గు కాలిన వాసన తగిలితే నాకు తడి చీరే గుర్తొస్తుంది.

నాకు ఐదారేళ్ళప్పుడు అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. నెలల తరబడి దవాఖానలో ఉంచి రోజూ సూది వేశారు. ఆ సూదులు అమ్మను బతికించి చెవులు తీసుకున్నాయి. ఇంటికి తెచ్చిన రోజు నేను గుమ్మంలోంచి "అమ్మా" అని అరుస్తూ రిక్షా దగ్గరికి పరుగెత్తాను. అమ్మ అటు తిరిగి మూట దించుకుంటోంది. మూడుసార్లు పిలిచినా తిరగలేదు. కొంగు పట్టుకుని లాగితే ఉలిక్కిపడి చూసింది. ఆ ఉలికిపాటు చూసి నేనేడ్చాను. ఎందుకేడుస్తున్నానో ఆమెకు అర్థం కాలేదు.

తర్వాత మా ఇంటికి కొన్ని పద్ధతులొచ్చాయి. అమ్మతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడాలి. మొహం మీద వెలుతురు పడాలి. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడకూడదు. పెదవులు చూసి అమ్మ సగం మాటలు పట్టుకునేది, మిగతా సగం కళ్ళల్లోంచి లాగేది. నాన్నను నేను బాపు అనేదాన్ని. సాయంత్రం కరెంటు పోతే బాపు లాంతరు ఎత్తి తన గడ్డం కింద పెట్టుకుని మాట్లాడేవాడు. తను పనిచేసే కచేరీలో ఎవరు ఏమన్నారో, మార్కెట్‌లో మామిడికాయలు ఎట్లా ఉన్నాయో, అన్నీ ఆ లాంతరు వెలుగులోనే చెప్పేవాడు. చెయ్యి నొప్పెడితే ఇంకో చేతికి మార్చుకునేవాడు. మా బాపు ప్రేమగల మనిషి అని నాకు తెలిసింది ఆ లాంతరు వల్లే. ఇది గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతుంది.

నాకు పదేళ్ళు దాటాక, మాతోనే ఉండే నాయనమ్మ నల్లా దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ముందు గదిలో మంచం వేశాం. దానికి తోడు ఆయాసం. ఆయాసం వచ్చినప్పుడు వెల్లకిలా ఉంటే ఊపిరాడదు. ఎవరో ఒకరు చంకల కింద చేతులేసి లేపి దిండ్లకు ఆనించాలి. తనంతట తాను లేవలేదు. బాపు కచేరీకి, నేను బడికి పోతే ఇంట్లో ఉండేది అమ్మ ఒక్కతే. వాకిలికి అటు పక్క నాయనమ్మ, ఇటు పక్క వంటింట్లో అమ్మ. పిలుపు పోయేదే గానీ చేరేది కాదు.

అందుకని అమ్మ పది నిమిషాలకోసారి పొయ్యి మీది గిన్నె దించి వెళ్ళి చూసొచ్చేది. రోజంతా ఆ వాకిట్లో నడుస్తూనే ఉండేది. అయినా ఒకరోజు జొన్నలు విసురుతూ ఆలస్యమైంది. నేను బడి నుంచి వచ్చేసరికి నాయనమ్మ పెదవులు నీలంగా ఉన్నాయి. లోటాతో మంచం కోడును కొట్టి కొట్టి చెయ్యి జారవిడిచింది. ఆ రోజు ఎలాగో గండం గడిచింది.

మర్నాడే గౌలిగూడ నుంచి మా మేనత్త దిగింది. బాపుకు అక్క. ఆమె మాట ఇంట్లో చెల్లేది.

"చెవిటిదానికి మా అమ్మను అప్పజెప్పినవ్ గదా తమ్మీ! ఇంకొక్కసారి గిట్లయిందంటే దీన్ని తల్లిగారింటికి తోలెయ్యి. నేనొచ్చి ఉంట గీడ."

బాపు నేల చూశాడు. అమ్మ మాత్రం ఆమె పెదవుల వంకే చూస్తూ నిలబడింది. చెవులున్నవాళ్ళు తిట్లు వినబడనట్టు నటించొచ్చు. అమ్మకు ఆ వీల్లేదు. ఎదుట నిలబడి తిడితే ఒక్క మాటా పోకుండా అందేది.

మా మిద్దె మీది గదిలో ఒక ఆంధ్రా ఆయన ఉండేవాడు. కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి అబిడ్స్‌లో ఒక రేడియోల దుకాణంలో మెకానిక్‌గా పనిచేసేవాడు. ఒంటరి మనిషి. నేను బాబాయ్ అనేదాన్ని, బాపు మెకానిక్ సాబ్ అనేవాడు. ఆయన గది నిండా పొట్ట విప్పిన రేడియోలు. సోల్డరింగు పొగ సాంబ్రాణికి తమ్ముడిలా ఉండేది. ఆ పొగ కోసమే నేను మెట్లెక్కేదాన్ని. ఆయన చూడనప్పుడు బ్యాటరీ సెల్లు నాలుక మీద పెట్టుకుని చురుక్కుమనిపించుకునేదాన్ని. చూస్తే, "ఏమ్మా, మీ ఇంట్లో ఉప్పు లేదా?" అనేవాడు.

మేనత్త వచ్చి వెళ్ళిన సాయంత్రం ఆయన తనే దిగొచ్చాడు. పైకి మాటలన్నీ వినిపించాయి మరి. "బెల్లు పెడితే అక్కయ్యగారికి వినపడదు. దీపం పెడదామండీ" అన్నాడు. రెండ్రోజుల్లో నాయనమ్మ మంచానికో స్విచ్చు, వంటింటి గూట్లో ఒక టార్చి బల్బు పెట్టాడు. నొక్కితే వెలుగుతుంది. చాలా బాగుందనుకున్నాం. అమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది.

"ఊకె వెలిగుంటే కనవడదు. పొయ్యి మంట లెక్కనే అది గూడ. కదిలేదైతే కనవడతది" అంది. చెవులు పోయాక అమ్మ గొంతు ఎత్తుపల్లాలు లేకుండా ఒకే వరసలో వచ్చేది. కొత్తవాళ్ళు కోపంగా ఉందనుకునేవారు. బాబాయ్ మాత్రం అప్పుడు అమ్మను కొత్తగా చూసినట్టు చూశాడు. "కరెక్టేనమ్మా. ఈ ఆలోచన నాకు రావలసింది" అన్నాడు.

ఆ ఆదివారం నన్ను వెంటబెట్టుకుని అబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల దగ్గరికి వెళ్ళాడు. మూసిన దుకాణాల ముందు గోనెపట్టాల మీద పుస్తకాలు గుట్టలు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ తిరగేశాడు. చెదలు కొట్టిన ఇంగ్లీషు పత్రిక ఒకటి దొరికింది. అందులో రెండు బల్బులు వంతులవారీగా వెలిగే బొమ్మ. ఇరానీ హోటల్లో చాయ్ సాసర్లో పోసి నా ముందుకు జరిపి, ఆ బొమ్మ మీద వేలు పెట్టి చెప్పాడు. "ఈ మూడుకాళ్ళ డబ్బీని ట్రాన్సిస్టర్ అంటారు. ఇలాంటివి రెండు. ఇది మేలుకున్నప్పుడు దాన్ని నిద్రపుచ్చుతుంది. కాసేపటికి అది మేలుకుని దీన్ని నిద్రపుచ్చుతుంది. ఇలా రెండూ ఒకదాన్నొకటి పడుకోబెట్టుకుంటూ ఉంటాయి. ఎవరో ఒకరు ఎప్పుడూ మేలుకునే ఉంటారన్నమాట." నా బిస్కట్టు విరిగి సాసర్లో మునిగిపోయింది. నేను సైన్సు టీచరునయ్యింది ఆ సాసరు దగ్గరే.

కట్టడానికి చెక్క కావాలన్నాడు. నెమ్ము లేని పాత చెక్క, వంకర తిరగనిది. ఇల్లంతా వెతికాం. ఉన్నదల్లా చెమ్మ పట్టిన పెట్టె మూతలు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి తన రొట్టెల పీట తెచ్చి ఆయన ముందు పెట్టింది. పెళ్ళికి తల్లిగారు పెట్టిన టేకు పీట. జానెడున్నర పొడవు, పిండి తాగి తాగి నున్నగా మెరిసేది.

"తిండి పెట్టే పీట మీద మేకులు కొట్టమంటారా?" అన్నాడు బాబాయ్.

ఆయన మాట అమ్మకు అందేది కాదు. ఆంధ్రా యాసకు పెదవులు వేరేగా కదులుతాయట. ఆయన చెప్పింది నేను మళ్ళీ మా భాషలో పెదవులతో చెప్పాలి. ఇంట్లో నాకప్పుడు అదో ఉద్యోగం. నేను చెప్పగానే అమ్మ, "పళ్ళెం బోర్లేసుకుని చేసుకుంట తియ్. పీటెంత, పానమెంత" అంది.

మూడు సాయంత్రాలు కట్టాం. వరసగా ఇత్తడి మేకులు కొట్టడం ఆయన పని, తీగ చివర్లు చాకుతో గీకి మెరిపించడం నా పని. తీగను మేకుకు మూడు చుట్లు, ఎప్పుడూ కుడివైపుకే తిప్పేవాడు. ఎడమకు తిప్పితే విప్పించి మళ్ళీ తిప్పించేవాడు. మొదటిసారి సెల్లు తగిలించినప్పుడు రెండు బల్బులూ కలిసి వెలిగి గుడ్లప్పగించి చూశాయి. కరెంటును కాసేపు దాచే కండెన్సర్ ఒకటి నేను తలకిందులుగా పెట్టాను. సరిచేసి మళ్ళీ తగిలించాడు. కుడిది వెలిగింది. ఆరింది. ఎడమది వెలిగింది. బాపు చప్పట్లు కొట్టాడు. నాయనమ్మకు చూపించాలని మంచం దగ్గరికి తీసుకెళితే, "గిదేందే, కోతి కన్ను కొట్టినట్టున్నది" అంది.

నాయనమ్మ వేళ్ళల్లో బలం లేదని స్విచ్చు తీసేసి, రెండు పల్చటి ఇత్తడి రేకులు ఒకదాని మీద ఒకటి పెట్టాడు. చెయ్యి వాలితే చాలు, తగులుకుంటాయి. ఆ రేకుల నుంచి వైరు వాకిలి గోడ వెంట వంటింటి గూటిదాకా లాగాడు. పీట మీద నూనె పొగ పడకుండా బిస్కట్ల డబ్బా ఒకటి బోర్లించి, దానికి రెండు కన్నాలు చేసి ఎర్ర కాగితం అంటించాడు. అన్నీ అయ్యాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టి అన్నాడు.

"మీ అమ్మగారికి రెండు మాటలు చెప్పాలమ్మా. రోజూ పొద్దున్నే ఒకసారి నొక్కి చూడాలి, అది నీ పని. రెండోది, దీపం వెలగలేదంటే మీ నాయనమ్మగారు పిలవలేదని కాదు. చెడిపోయి ఉండొచ్చు, తీగ ఊడి ఉండొచ్చు. కాబట్టి అప్పుడప్పుడూ వెళ్ళి చూస్తూనే ఉండమను."

నేను అమ్మ ఎదురుగా నిలబడి మొదటి మాట చెప్పాను. రెండోది చెప్పలేదు. మరిచిపోయి కాదు. మేం కట్టిన దీపం చెడిపోతుందని చెప్పడం నాకు నామోషీ అనిపించింది.

నాలుగైదు నెలలు బాగా గడిచాయి. ఇప్పటికీ నాకున్న మంచి రోజులు అవే. నాయనమ్మకు అమ్మ దూరమైందల్లా పిలవలేకపోవడం వల్లేనని అప్పుడే తెలిసింది. రేకు మీద చెయ్యి వెయ్యగానే కోడలు పిండి చేతులతో పరుగెత్తుకొస్తుంటే ఆమెకు ముచ్చటేసేది. ఏమీ అవసరం లేకపోయినా నొక్కేది. అమ్మ వచ్చి "ఏంది అత్తమ్మా" అంటే, "ఏం లేదు. ఊకెనే పిలిచిన. జర కూసో" అనేది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చునేవారు. నాయనమ్మ నోరు మెల్లగా కదిపి మాట్లాడటం నేర్చుకుంది, పళ్ళు లేని నోటితో. అమ్మ నవ్వేది.

అమ్మ వాకిట్లో తిరగడం కూడా తగ్గింది. పది నిమిషాలకోసారి వెళ్ళి చూడటం పోయింది. డబ్బా కళ్ళు నల్లగా ఉన్నంతసేపూ అత్త నిద్రపోతోందని నిశ్చింతగా ఉండేది. రెండో మాట నేను చెప్పలేదు కదా.

వినాయక చవితికి మా సందు మొగదల పందిరి వేశారు. పిల్లలందరం అట్టముక్కలతో నిలువెత్తు ఎలుకను చేశాం. కళ్ళు ఏం పెట్టాలని తర్జనభర్జన. ఎదురింటి పిల్ల గోలీలన్నది. నేనుండబట్టలేక, "మా ఇంట్ల దీపాలున్నయ్. కన్ను గొడతయ్" అన్నాను. ఎవరూ నమ్మలేదు. "ఉత్తగనే కోస్తున్నది" అన్నారు. నాకు పౌరుషం వచ్చింది.

మధ్యాహ్నం బాపు కచేరీకి పోయి ఉన్నాడు. నాయనమ్మ నిద్రపోతోంది. గురక విన్నాను, అంతవరకు జాగ్రత్త పడ్డాను. అమ్మ వాకిట్లో అంట్లు తోముతోంది. గూట్లో డబ్బా ఎత్తి, వైరు రెండు చివర్లు విప్పి, పీటా సెల్లులూ లంగాలో చుట్టుకుని, డబ్బా మళ్ళీ ఎప్పటిలా బోర్లించి దొడ్డిదారిన బయటపడ్డాను. అరగంటలో తెచ్చి పెట్టేద్దామనుకున్నాను.

వైర్లు విప్పిన మేకుల మధ్య తీగముక్క తగిలించగానే ఎలుక కళ్ళు వెలిగాయి. కుడిది, ఎడమది. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు. ఒక పెద్దాయన, "ఎవరు జేసిన్రే గిది?" అని అడిగితే అందరూ నన్ను చూపించారు. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి కొబ్బరి చిప్ప ఇచ్చాడు. పిల్లలు ఎర్రటి గులాల్ పొడి చల్లారు, పీట మీద కూడా పడింది. కుడుములు పంచారు. నేను రెండు తిన్నాను. అరగంట ఎప్పుడు దాటిందో, ఎన్ని అరగంటలు దాటాయో తెలియదు. పందిట్లో దీపాలు పెడుతుంటే గుర్తొచ్చి తీగముక్క పీకేసి, పీట ఊడబెరుక్కుని పరుగెత్తాను.

అమ్మ నా వైపు వీపు పెట్టి, బోర్లించిన పళ్ళెం మీద రొట్టెలు చేస్తోంది. అడుగుల చప్పుడు ఆమెకు తెలియదు. నేను మెల్లగా డబ్బా ఎత్తి పీట లోపల పెట్టాను. ఒక వైరు చుట్టాను. తొందరలో ఎటు తిప్పానో చూసుకోలేదు. రెండో వైరు మేకుకు తగిలించాను.

తగిలీ తగలగానే దీపాలు వెలగడం మొదలుపెట్టాయి.

ఒక్క క్షణం సంతోషించాను. హమ్మయ్య, చెడిపోలేదు అనుకున్నాను. ఆ తర్వాతే అర్థమైంది, అవతల రేకుల మీద ఎవరిదో చెయ్యి ఉంటే తప్ప అవి వెలగవని. ఎప్పటి నుంచి ఉందో ఆ చెయ్యి.

గోడ మీద వెలుగు కదలడంతో అమ్మ ఇటు తిరిగింది. డబ్బా చేత్తో పట్టుకుని ఉన్న నన్ను చూసింది. దీపాలను చూసింది. చేతిలో రొట్టె పడేసి వాకిలి దాటి పరుగెత్తింది. నేను కదలలేదు. అవి నా ముందే వెలిగి ఆరుతూ ఉన్నాయి. వాకిలికి అవతల అమ్మ "అత్తమ్మా, అత్తమ్మా" అని ఆ ఎత్తుపల్లాలు లేని గొంతుతో పిలుస్తోంది. కాసేపటికి దీపాలు ఆగిపోయాయి. నాయనమ్మను పక్కకు జరిపి, ఆమె చెయ్యి రేకుల మీది నుంచి తీసింది అమ్మ.

మేనత్త ఏడ్చుకుంటూ వచ్చింది. ఏడుపు కాస్త తగ్గాక ఆమె కళ్ళు అమ్మను వెతికాయి. "ఆ దీపం ఏమయింది? పెద్ద గొప్పగ జెప్పుకున్నరు గద! వెలగలేదా?" అని నిలదీసింది. బాపు లేచి మెకానిక్ బాబాయ్‌ని వంటింట్లోకి తీసుకెళ్ళాడు. వెనకే అందరూ. ముందు గదిలో ఎవరినో రేకులు నొక్కమన్నారు. దీపాలు చక్కగా వెలిగాయి, కుడిది, ఎడమది.

బాబాయ్ డబ్బా ఎత్తాడు. వంగి చూశాడు. ఒక వైరు మేకుకు ఎడమవైపుకు చుట్టి ఉంది, రెండోది ఊరికే తగిలించి ఉంది. పీట మీద గులాల్ ఎర్రగా ఉంది. ఆయన మెల్లగా తలెత్తి గుంపులో నన్ను వెతికి పట్టుకున్నాడు. నోరు తెరవబోయాడు.

అప్పుడే అమ్మ ముందుకొచ్చి డబ్బా ఆయన చేతిలోంచి తీసుకుంది. పీట మీద బోర్లించింది. అందరివైపు తిరిగి, "వెలిగింది. నేనే చూడలే" అంది.

మేనత్త నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది. అమ్మ ఒక్కటీ వదలకుండా ఆమె పెదవుల మీద నుంచి తీసుకుంది. నేను అక్కడే ఉన్నాను. పదకొండేళ్ళ దాన్ని, నోరున్నదాన్ని, చెవులున్నదాన్ని. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. తిట్లకు భయపడ్డాను, అంతే. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉంటే బాగుండేదని ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను, దొరకలేదు.

బాపు అమ్మను తల్లిగారింటికి పంపలేదు. కొట్టలేదు, తిట్టలేదు. అమ్మతో మాట్లాడేటప్పుడు మొహం ఆమె వైపు తిప్పడం మానేశాడు. గోడకు చెప్పేవాడు, నేలకు చెప్పేవాడు, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ చెప్పేవాడు. "అన్నం పెట్టమను" అని నాకు చెప్పేవాడు. కరెంటు పోతే లాంతరు బల్ల మీదే ఉండేది. మొదట్లో అమ్మ వంగి, పక్కకు జరిగి, ఎలాగైనా ఆయన పెదవులు చూడాలని ప్రయత్నించేది. కొన్నాళ్ళకు అదీ మానేసింది. ఉన్న ఒక్క దారీ ఆయన మూసేశాడు. మూయించింది నేను. ఇంటిలో మాటలు మోసే ఉద్యోగం మళ్ళీ నాదే. ఇద్దరి మధ్యా అన్ని మాటలూ మోశాను, ఆ ఒక్కటి తప్ప.

బాబాయ్ కొద్దిరోజులకే గది ఖాళీ చేశాడు. సామాను రిక్షాలో పెట్టుకుని, నన్ను పక్కకు పిలిచాడు. ఇప్పుడు తిడతాడనుకున్నాను. "తప్పు నాదేనమ్మా. ఎప్పుడూ వెలుగుతూ ఉండి, నొక్కితే ఆగేట్టు కట్టవలసింది. అప్పుడు తీగ ఊడినా, సెల్లు అయిపోయినా ఆగిపోయేది, మీ అమ్మగారు పరుగెత్తేవారు. సెల్లులు తొందరగా అయిపోతాయని కక్కుర్తి పడ్డాను" అన్నాడు. రిక్షా సందు మలుపు తిరిగింది. ఒకరు నేనే చూడలేదన్నారు, ఒకరు నేనే సరిగ్గా కట్టలేదన్నారు. మిగిలిన మూడోదాన్ని నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

నెల మాసికం పెట్టాక అమ్మ ఒక మధ్యాహ్నం పీట ముందేసుకుని కూర్చుంది. పట్టకారుతో మేకులు ఒక్కొక్కటీ పీకింది. కన్నాల్లోకి పోయిన గులాల్‌ను సూదితో తీసి, బూడిదా చింతపండూ పెట్టి రుద్దింది. బాపు వచ్చేలోపు ఎర్ర మరక ఒక్కటి లేకుండా కడిగింది. నేను ఎదురుగా కూర్చుని చూశాను. అమ్మ నన్ను ఏమీ అడగలేదు. సాయంత్రానికి పీట ఆరింది. దాని మీద రొట్టెలు చేసి పెట్టింది.

రొట్టె మీద చిన్న చిన్న బొడిపెలు లేచాయి, వరసగా, మేకులున్న చోటల్లా. మెత్తటి పిండి కదా, కన్నాల్లోకి పోయేది. తమ్ముడెవరైనా ఉంటే నవ్వేవాడేమో. నేనూ బాపూ తలొంచుకుని తిన్నాం. పెళ్ళయి అత్తగారింటికి వెళ్ళేదాకా నేను తిన్న ప్రతి రొట్టె మీదా ఆ వరస ఉంది. నాలుకకు తగిలేది.

అమ్మకు చెప్పాను, చెప్పలేదనడానికి లేదు. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉన్నప్పుడు వెనక నిలబడి, "నేనే దీస్కపోయిన అమ్మా" అని ఎన్నో సార్లు అన్నాను. పెద్దగానే అన్నాను. అన్నీ వీపుకే.

బాపు చనిపోయిన ఏడాది అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. బాపు చివరిదాకా ఆమె వైపు తిరగలేదు. ఆ మొహం ఇంక ఎటూ తిరగదని తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. దాన్ని ధైర్యమంటారో లేదో తెలియదు. ఒక సాయంత్రం దీపం వేసి, వెలుతురు నా మొహం మీద పడేలా అమ్మ ఎదురుగా కూర్చున్నాను. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. మా ఇంటి పద్ధతి ప్రకారం, పెదవులు మెల్లగా కదుపుతూ, "అమ్మా, నాయనమ్మ పోయిన రోజు" అన్నాను.

అమ్మ కళ్ళు మూసుకుంది.

నేను ఆగిపోయాను. ఆమె చేతులు నా చేతుల్లోనే ఉన్నాయి. లాక్కోలేదు. కళ్ళు మాత్రం గట్టిగా, రెప్పలు ముడతలు పడేలా మూసుకుంది. నా మాటలు ఆపడానికి ఆమెకున్నది అదొక్కటే. నా పెదవులు కదలడం ఆగిందని ఎలా తెలిసిందో, కాసేపటికి తెరిచి నా మొహం చూసింది.

"ఆకలైతున్నదా? రొట్టె జేస్త" అంది.

పీట తెచ్చుకుంది. పిండి ముద్ద పెట్టి వత్తడం మొదలుపెట్టింది. నేను ఆమె చేతుల వంకే చూస్తూ కూర్చున్నాను. రొట్టె పెనం మీద పడింది, బొడిపెలు ఒక్కొక్కటీ లేచి, కాలి, నల్లబడ్డాయి. అమ్మ పెట్టింది, నేను తిన్నాను.